మనం గెలిచాం

తెలుగులో ఉత్తమ పురుష బహువచనానికి రెండు సర్వనామాలు ఉన్నాయి. ఎదుటివారిని మినహాయించి చెప్పేటప్పుడు ‘మేము’ అంటారు. వారిని కూడా కలుపుకొని చెప్పేటప్పుడు ‘మనం’ అంటారు. ఆంగ్లంలో ఈ భేదం లేదు. రెండింటికీ ఒకే మాట. అందువల్ల అమెరికాలో ఒక కళాశాల బాస్కెట్‌బాల్ జట్టు గెలిచినప్పుడు ఆ జట్టు క్రీడాకారుడూ, గ్యాలరీలో చిట్టచివరి వరుసలో కూర్చున్న ప్రేక్షకుడూ ఒకే వాక్యం పలుకుతారు. ఆ వాక్యాన్ని తెలుగులోకి తేవలసివస్తే చిక్కు ఎదురవుతుంది. చెమటోడ్చి ఆడినవాడు ‘మేము గెలిచాం’ అంటే ఎవరికీ ఆక్షేపణ ఉండదు. బంతిని ఒక్కసారైనా తాకని ప్రేక్షకుడు ఏమనాలి? ‘వాళ్లు గెలిచారు’ అనడమే న్యాయం. కాని అతడు అలా అనడు. ‘మనం గెలిచాం’ అంటాడు. పక్కన కూర్చున్నవాణ్ణి, ఆటగాళ్లను, ఊరిని, ఒక్కొక్కసారి రాష్ట్రమంతటినీ ఆ ఒక్క మాటలో కలిపివేస్తాడు.

ఆ ‘మనం’ ఎలా పుట్టింది? అందులో సత్యమెంత? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి అమెరికా ఈశాన్య భాగంలోని కనెక్టికట్ రాష్ట్రం తగిన చోటు. అక్కడి విశ్వవిద్యాలయానికి ఒకటి కాదు, రెండు ప్రసిద్ధ బాస్కెట్‌బాల్ జట్లు ఉన్నాయి: పురుషులది ఒకటి, మహిళలది ఒకటి. అక్కడి అభిమాని రెండింటినీ తనవిగానే భావిస్తాడు. రెండింటి విజయాలనూ ఒకే పండుగగా జరుపుకొంటాడు.

బాస్కెట్‌బాల్ జన్మస్థలం కూడా కనెక్టికట్‌కు పొరుగునే ఉన్నది. ఉత్తరపు సరిహద్దు దాటితే మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణం వస్తుంది. ఆ పట్టణంలో క్రైస్తవ యువజన సంఘం వారి శిక్షణ పాఠశాల ఉండేది. చలికాలంలో ఆరుబయట ఆడే వీలులేక విసుగెత్తిన విద్యార్థుల కోసం జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు 1891 డిసెంబరులో నాలుగు గోడల మధ్య ఆడదగిన ఒక ఆటను రూపొందించారు. ఆయన కెనడా దేశంలో జన్మించినవారు. పీచ్ పండ్లు నింపే రెండు బుట్టలను వ్యాయామశాల పైవసారాకు చెరొకవైపు బిగించి, బంతిని వాటిలో వేయమన్నారు. పదమూడు నియమాలు వ్రాసి గోడకు అంటించారు. మొదటి ఆటలో జట్టుకు తొమ్మిదిమంది ఆడారు. ఆ సంఖ్య తరువాత ఐదుకు తగ్గింది. బుట్టకు అడుగు ఉండడం వల్ల బంతి పడిన ప్రతిసారీ ఎవరో ఒకరు పైకెక్కి దానిని తీయవలసి వచ్చేది. అడుగులేని వల చాలా కాలానికి గాని రాలేదు.

ఏడాదిన్నర తిరగకముందే ఈ ఆట మహిళా కళాశాలలోనూ ప్రవేశించింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌కు సమీపంలోనే ఉన్న స్మిత్ కళాశాలలో సెండా బెరెన్సన్ అనే వ్యాయామ ఉపాధ్యాయిని 1893 మార్చిలో తన విద్యార్థినులచేత దీనిని ఆడించారు. ఆ పోటీని చూడడానికి పురుషులకు ప్రవేశం లేదు. మహిళలు ఇంత హుషారుగా పరుగులు తీయడం పరపురుషుల కంటబడరాదని ఆనాటి మర్యాద. నూరేళ్ల తరువాత అదే ప్రాంతంలో మహిళల ఆట చూడడానికి పురుషులు టిక్కెట్ల కోసం వరుసలో నిలబడతారని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

అమెరికాలో కళాశాల క్రీడ అంటే విద్యార్థుల కాలక్షేపం మాత్రమే కాదు. అది ప్రజల ఉత్సవం. జాతీయ కళాశాలల క్రీడాసంఘం 1939లో ఎనిమిది జట్లతో పురుషుల టోర్నమెంటును ఆరంభించింది. 1985లో ఆ సంఖ్య 64కు, 2011లో 68కి చేరింది. మహిళల టోర్నమెంటు 1982లో గాని మొదలు కాలేదు. విద్యాసంస్థలలో స్త్రీపురుష వివక్షను నిషేధిస్తూ 1972లో చట్టం వచ్చిన పదేళ్లకు అది సాధ్యమైంది. ఈ పోటీలు మార్చి మధ్యలో ప్రారంభమై ఏప్రిల్ తొలివారంలో ముగుస్తాయి. ఇందులో రెండవ అవకాశం లేదు. ఒక్కసారి ఓడిన జట్టు ఇంటిదారి పట్టవలసిందే. ఎంత గొప్ప జట్టయినా ఒక చెడ్డ సాయంకాలం చాలు, ఏడాది శ్రమ నీరుగారిపోవడానికి. ఈ నిర్దయ వల్లనే ఆ మూడు వారాలను అమెరికన్లు ‘మార్చి ఉన్మాదం’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.

ఆటతో సంబంధం లేనివారు కూడా ఈ రోజులలో కార్యాలయాల్లో కూర్చుని ఏ జట్టు ఎవరిని ఓడిస్తుందో ముందుగానే కాగితంపై పూరించి పందేలు వేసుకొంటారు. 64 జట్ల మధ్య జరిగే 63 పోటీల ఫలితాలన్నిటినీ తప్పులేకుండా ఊహించడం దాదాపు అసాధ్యం. సాధ్యమైన కూర్పుల సంఖ్యను వ్రాస్తే తొమ్మిది పక్కన పద్దెనిమిది అంకెలు వస్తాయి. జ్యోతిష్కులు సైతం దూరంగా ఉండదగిన వ్యవహారమిది.

ఇక ఆ విశ్వవిద్యాలయం సంగతి. కనెక్టికట్ రాజధాని హార్ట్‌ఫర్డ్‌కు తూర్పుగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో స్టోర్స్ అనే పల్లె ఉన్నది. చార్లెస్ స్టోర్స్, అగస్టస్ స్టోర్స్ అనే అన్నదమ్ములు భూమిని, ధనాన్ని ఇవ్వగా 1881లో అక్కడ వ్యవసాయ పాఠశాల వెలసింది. అదే అనేక దశలు దాటి 1939లో కనెక్టికట్ విశ్వవిద్యాలయంగా మారింది. ఇప్పటికీ ఆ ప్రాంగణం అంచున పశువుల కొట్టాలు, పచ్చికబయళ్లు కనిపిస్తాయి. విశ్వవిద్యాలయపు పాడి నుంచి వచ్చే పాలతో తయారైన ఐస్‌క్రీముకు చుట్టుపక్కల మంచి పేరు. న్యూయార్కు, బోస్టన్ మహానగరాల మధ్య చిక్కుకొన్న ఈ చిన్న రాష్ట్రంలో సగం మంది ఆ నగరపు జట్లను, సగం మంది ఈ నగరపు జట్లను అభిమానిస్తూ వచ్చారు. తమదని చెప్పుకోవడానికి హార్ట్‌ఫర్డ్‌లో ఒక మంచు హాకీ జట్టు ఉండేది. 1997లో దాని యజమానులు దానిని ఉత్తర కరొలినాకు తరలించారు. వృత్తిక్రీడలలో జట్టుకు యజమాని ఉంటాడు; లాభం కనిపించిన చోటికి మూటాముల్లె సర్దుకొని వెళ్లిపోతాడు. విశ్వవిద్యాలయం అలా లేచిపోలేదు. దాని పునాదులు ఆ నేలలోనే ఉన్నాయి. ‘మనం’ అనే భావన నాటుకొనడానికి ముందుగా కావలసింది ఇదే: విడిచిపోదన్న నమ్మకం.

అయితే నమ్మకం ఉన్నంత మాత్రాన జట్టు గెలవదు. 1980ల మధ్యకాలంలో కనెక్టికట్ జట్లను దేశంలో ఎవరూ లెక్కచేసేవారు కారు. 1985లో మహిళల జట్టుకు శిక్షకుడుగా జీనో ఔరియెమ్మా వచ్చారు. ఆయన ఇటలీలో పుట్టి, ఏడేళ్ల వయసులో తల్లిదండ్రులతో అమెరికాకు వలస వచ్చినవారు. ఆయన వచ్చేనాటికి ఆ జట్టు తన చరిత్ర మొత్తంలో ఓటములకన్న గెలుపులు ఎక్కువగా సాధించిన సంవత్సరం ఒక్కటే. మరుసటి సంవత్సరం పురుషుల జట్టు బాధ్యతను జిమ్ కల్హూన్ స్వీకరించారు. ఆయన తొలి ఏడాది ఫలితం తొమ్మిది గెలుపులు, పందొమ్మిది ఓటములు. మొక్క నాటిన మర్నాడే కాయలు కోయాలనుకొనే యాజమాన్యం అయితే ఇద్దరినీ అప్పుడే సాగనంపి ఉండేది.

పదేళ్లలో పరిస్థితి మారింది. 1995 జనవరిలో మహిళల జట్టు స్టోర్స్‌లోనే టెనెసీ జట్టును 77-66తో ఓడించింది. ఆనాటి మహిళల క్రీడలో టెనెసీ ఒక సామ్రాజ్యం. ఏప్రిల్‌లో తుదిపోటీలో మళ్లీ ఆ జట్టే ఎదురైనప్పుడు కనెక్టికట్ 70-64తో గెలిచి, ఆడిన 35 పోటీలలో ఒక్కటీ ఓడకుండా జాతీయ విజేతగా నిలిచింది. ఆ కాలం నుంచి 2012 వరకు రాష్ట్రంలోని ప్రజా టెలివిజన్ సంస్థ మహిళల జట్టు ఆటలను ఇంటింటికీ ప్రసారం చేసింది. ఇది చిన్న విషయంగా తోచవచ్చుగాని, అభిమానానికి ఇదే పాదు. ఏనాడూ ఆటస్థలం మెట్లెక్కని వృద్ధులు, గృహిణులు శీతకాలపు సాయంకాలాలలో ఆ అమ్మాయిల పేర్లు, నడకలు, అలవాట్లు తెలుసుకొన్నారు. సొంత మనుమరాళ్ల గురించి మాట్లాడినట్లే వారి గురించి మాట్లాడసాగారు. 1999లో పురుషుల జట్టు వంతు వచ్చింది. ఆ ఏడాది ఒక్క పోటీ మాత్రమే ఓడి తుదిపోటీకి వచ్చిన డ్యూక్ విశ్వవిద్యాలయాన్ని 77-74తో ఓడించి తొలిసారి జాతీయ కిరీటం దక్కించుకొన్నది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించదగినది. ‘మన కుర్రవాళ్లు’, ‘మన అమ్మాయిలు’ అని కనెక్టికట్ ప్రజలు చెప్పుకొనే వారిలో చాలామంది ఆ రాష్ట్రానికి చెందినవారు కారు. 1995 జట్టుకు ప్రాణమైన రెబెకా లోబో మసాచుసెట్స్ వాసి. 1999 జట్టులో రిచర్డ్ హామిల్టన్ పెన్సిల్వేనియా నుంచి, ఖలీద్ ఎల్-అమీన్ మిన్నెసోటా నుంచి వచ్చారు. స్వెత్లానా అబ్రోసిమోవా రష్యా నుంచి వచ్చారు. డయానా టొరాసీ కాలిఫోర్నియాలో పెరిగారు. ఆమె తల్లిదండ్రులు అర్జెంటీనా నుంచి వచ్చినవారు. ఎమెకా ఒకాఫోర్ నైజీరియా నుంచి వలసవచ్చిన కుటుంబంలో పుట్టి టెక్సస్‌లో పెరిగారు. కాబట్టి ఈ ‘మనం’ రక్తసంబంధం కాదు, ఒకే ఊరి సంబంధమూ కాదు. ఆ చొక్కా తొడుక్కొన్న క్షణం నుంచి మొదలయ్యే సంబంధం. ఆ మాటకు వస్తే పెళ్లినాటి వరకు ముక్కూముఖమూ తెలియని ఇద్దరి మధ్య ఏర్పడే సంబంధం కన్న ఇది విడ్డూరమేమీ కాదు.

2004 ఏప్రిల్‌లో ఈ అభిమానులకు దక్కిన ఆనందం అంతకుముందు అమెరికాలో ఏ కళాశాల అభిమానులకూ దక్కనిది. రెండు జట్లూ ఆఖరి నలుగురిలో నిలిచాయి. పురుషుల పోటీలు టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో, మహిళల పోటీలు లూయీసియానాలోని న్యూ ఆర్లియన్స్‌లో. రెండు ఊళ్ల మధ్య ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. ఏ ఊరికి వెళ్లాలన్నదే అభిమానికి ధర్మసందేహమైంది. ఇంట్లో టెలివిజన్ ముందు కూర్చున్నవాడే ఆ వారం అదృష్టవంతుడు.

శనివారంనాడు పురుషుల సెమీఫైనల్ డ్యూక్‌తో జరిగింది. ఆట ముగియడానికి మూడు నిమిషాలుండగా కనెక్టికట్ ఎనిమిది పాయింట్లు వెనుకబడి ఉన్నది. ఒకాఫోర్ ఆట తొలి నిమిషాలలోనే రెండు తప్పిదాలు చేసి, మొదటి సగంలో చాలాసేపు బల్లమీద కూర్చోవలసి వచ్చింది. ఒక ఆటగాడు ఐదు తప్పిదాలు చేస్తే ఆ పోటీలో ఇక ఆడరాదన్నది నియమం. అందుచేత శిక్షకుడు అతణ్ణి రెండవ సగం కోసం దాచి ఉంచాడు. ఆ జాగ్రత్త ఫలించింది. చివరి నిమిషాలలో కనెక్టికట్ వరుసగా పాయింట్లు సాధించి 79-78తో గట్టెక్కింది. ఒకే ఒక్క పాయింటు. సోమవారం, ఏప్రిల్ 5న తుదిపోటీలో జార్జియా టెక్ జట్టుపై 82-73తో గెలుపు అంత కష్టం కాలేదు. మంగళవారం, ఏప్రిల్ 6న మహిళల జట్టు పాత ప్రత్యర్థి టెనెసీని 70-61తో ఓడించింది. టొరాసీకి అది వరుసగా మూడవ జాతీయ విజయం. విద్యార్థినిగా ఆమెకు అదే ఆఖరి ఆట. ఇరవైనాలుగు గంటల తేడాలో రెండు కిరీటాలు ఒకే పల్లెకు చేరాయి. ఒకే ఏడాది రెండు ప్రథమశ్రేణి బాస్కెట్‌బాల్ కిరీటాలనూ ఒకే విశ్వవిద్యాలయం గెలవడం అదే మొదటిసారి. 2014లో మళ్లీ ఈ ఘనత సాధించినది కూడా కనెక్టికట్ విశ్వవిద్యాలయమే.

అటువంటి రోజులలో అభిమాని ప్రవర్తన ఎలా ఉంటుందో శాస్త్రజ్ఞులు పరిశీలించకపోలేదు. రాబర్ట్ సియాల్డినీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 1976లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. వారు పరిశీలించినది అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానులను. కాని విషయం ఏ ఆటకైనా వర్తిస్తుంది. ఏడు విశ్వవిద్యాలయాలలో సోమవారంనాడు తరగతులకు వచ్చే విద్యార్థుల దుస్తులను గమనించారు. శనివారం తమ జట్టు గెలిచి ఉంటే కళాశాల పేరు, చిహ్నం ఉన్న చొక్కాలు తొడుక్కొచ్చేవారి సంఖ్య పెరిగేది. తరువాత విద్యార్థులకు ఫోన్ చేసి ఫలానా ఆట ఏమైందని అడిగారు. గెలిచిన ఆటను వర్ణించేటప్పుడు ‘మనం’ అనే మాట ఎక్కువగా దొర్లింది. ఓడిన ఆటను చెప్పేటప్పుడు అదే విద్యార్థులు ‘వాళ్లు’ అన్నారు. క్రికెట్ చూసే తెలుగు ఇళ్లలో ఈ సర్వనామ మార్పిడి ఎరుగనివారు అరుదు. మరొక విశేషం కూడా ఆ అధ్యయనంలో తేలింది. ఫోన్‌లో అడిగిన చిన్న పరీక్షలో తాము తప్పామని విన్న విద్యార్థులే జట్టు గెలుపును ‘మనం’ అని ఎక్కువగా చెప్పుకొన్నారు. సొంత జీవితంలో లోటు కనిపించినప్పుడు మనిషి ఇతరుల గెలుపు నీడలో నిలబడతాడన్నమాట.

దీనినిబట్టి అభిమాని ఆనందం ఒట్టి స్వార్థమని కొట్టిపారవేయవచ్చునా? అది తొందరపాటు అవుతుంది. ఓడినప్పుడు కూడా ‘మనం’ అనేవారు ఉన్నారు. వారి సంగతి తరువాత. అంతకుముందు, ఈ మాటను నిజంగా పరీక్షించిన ఘట్టం ఒకటి ఉన్నది.

2013లో కనెక్టికట్ పురుషుల జట్టును జాతీయ టోర్నమెంటులో పాల్గొనరాదని క్రీడాసంఘం నిషేధించింది. అంతకుముందు సంవత్సరాలలో జట్టు విద్యార్థుల చదువు నిర్ణీత ప్రమాణాన్ని అందుకోకపోవడమే కారణం. కొందరు ఆటగాళ్లు జట్టు విడిచివెళ్లారు. షబాజ్ నేపియర్ వంటి కొందరు నిలిచారు. మరుసటి ఏడాది జట్టు తన విభాగంలో ఏడవ స్థానపు అంచనాతో టోర్నమెంటులో అడుగుపెట్టింది. వరుసగా 30 పోటీలు గెలిచి వచ్చిన ఫ్లోరిడాను సెమీఫైనల్‌లో మట్టికరిపించింది. 2014 ఏప్రిల్ 7న, 79 వేలమందికి పైగా ప్రేక్షకుల ఎదుట కెంటకీని 60-54తో ఓడించింది. నేపియర్ 22 పాయింట్లు సాధించారు. మరునాడు మహిళల జట్టు నోటర్‌డామ్‌ను 79-58తో ఓడించి, ఒక్క పోటీ ఓడకుండా ఆ ఏడాదిని ముగించింది. రాష్ట్రమంతటా మరొకసారి పండుగ.

అదే రోజులలో నేపియర్ విలేఖరులతో అన్న ఒక మాట ఆ పండుగ సందడిలోనూ అందరికీ వినిపించింది. కొన్ని రాత్రులు తాను ఆకలితోనే పడుకొంటున్నానని ఆయన చెప్పారు. తన అంకె వేసిన చొక్కాలు అంగళ్లలో అమ్ముడవుతుంటే చూసి, తమకూ ఏదైనా దక్కాలనిపిస్తుందని కూడా అన్నారు. అప్పటి నిబంధనల ప్రకారం క్రీడాకారుడికి ఫీజులు, వసతి, పరిమితమైన భోజనం మాత్రమే లభించేవి. ఆటవల్ల వచ్చే ధనంలో చిల్లిగవ్వ తీసుకొన్నా అతడు అనర్హుడయ్యేవాడు. టెలివిజన్ ప్రసార హక్కుల కోసమే 2010లో కుదిరిన ఒప్పందం విలువ పద్నాలుగేళ్లకు 1,080 కోట్ల డాలర్లు. ఇంత ధనం చుట్టూ తిరిగే ఆటలో, దేశంలోకెల్ల పేరుమోసిన ఆటగాడు పస్తుపడుకొన్నానంటే దానిని ఏమనాలి?

‘మనం గెలిచాం’ అని కేకలు వేసినవారికి ఈ మాట ముల్లులా గుచ్చుకొన్నది. ఒకే ఇంటివారమని చెప్పుకొన్న తరువాత ఆ ఇంటిలో ఒకడు తిన్నాడో లేదో తెలియకపోవడం లోపమే. రాష్ట్ర శాసనసభ్యులు కొందరు ఈ విషయమై గొంతెత్తారు. తుదిపోటీ జరిగిన వారం పది రోజులలోపే క్రీడాసంఘం భోజన పరిమితిని ఎత్తివేయడానికి ఆమోదం తెలిపింది. ఆ సంస్కరణ అంతకుముందే ఆలోచనలో ఉన్నదని సంఘం చెప్పింది. కావచ్చు. కాని ఏళ్లతరబడి కదలని బండి ఆ వారమే కదిలింది. తరువాతి మార్పులు ఇంకా పెద్దవి. 2021 జూన్‌లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం క్రీడాసంఘానికి వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్పు ఇచ్చింది. మరుసటి నెల నుంచి ఆటగాళ్లు తమ పేరును, రూపాన్ని వాడుకొనే వ్యాపార ప్రకటనలకు ప్రతిఫలం తీసుకోవచ్చునని అనుమతి లభించింది. 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలే ఆటగాళ్లకు నేరుగా ధనం చెల్లించడానికి మార్గం ఏర్పడింది.

ఇందువల్ల న్యాయం జరిగింది. అభిమానికి మాత్రం కొత్త ఇబ్బంది వచ్చిపడింది. ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి మారడం ఇప్పుడు ఆటగాళ్లకు సులభం. ఎక్కువ ప్రతిఫలం ఇచ్చేచోటికి వెళ్లేవారు వెళుతున్నారు. నిరుడు చప్పట్లు కొట్టిన ఆటగాడినే ఈ ఏడాది ప్రత్యర్థి చొక్కాలో చూడవలసి రావచ్చు. నాలుగేళ్లపాటు ఒక విద్యార్థి ఎదుగుదలను కళ్లారా చూసి పెంచుకొన్న మమకారానికి ఇది గట్టి దెబ్బ. అయినా ఈ ఫిర్యాదులో న్యాయం సగమే ఉన్నది. మంచి జీతం కోసం ఉద్యోగం మారిన అభిమానిని ఎవరూ ద్రోహి అనరు గదా!

ఆనందం హద్దుమీరిన సందర్భాలు కూడా చెప్పుకోకపోతే చిత్రం అసంపూర్ణం. 2023 ఏప్రిల్‌లో పురుషుల జట్టు శాన్‌డియాగో స్టేట్‌ను 76-59తో ఓడించిన రాత్రి స్టోర్స్ ప్రాంగణంలో కొందరు దీపస్తంభాలను పెకలించారు, అద్దాలు పగులగొట్టారు. కొందరు గాయపడ్డారు, కొందరిని పోలీసులు అరెస్టు చేశారు. మరుసటి ఏడాది జట్టు మళ్లీ చివరి దశకు చేరగానే విశ్వవిద్యాలయం వారు ముందుజాగ్రత్తగా కొన్ని దీపస్తంభాలను తామే తొలగించి పక్కన పెట్టించారు. అది భయమో, గెలుస్తారన్న ధీమాయో చెప్పడం కష్టం. జట్టు మాత్రం పర్‌డ్యూను 75-60తో ఓడించి వరుసగా రెండవ ఏడాదీ గెలిచింది.

ఇక ఓటమి సంగతి. 2017 మార్చి 31న డల్లస్‌లో మహిళల సెమీఫైనల్ జరిగింది. అప్పటికి కనెక్టికట్ మహిళలు వరుసగా 111 పోటీలు గెలిచారు. ఎదుటి జట్టు మిసిసిపీ స్టేట్. సరిగ్గా ఏడాది క్రితం టోర్నమెంటులోనే దానిని 60 పాయింట్ల తేడాతో చిత్తుచేసి ఉన్నారు. ఈసారి నిర్ణీత సమయంలో స్కోరు సమానమై ఆట అదనపు సమయానికి సాగింది. ఆ అదనపు సమయంలోనూ ఆఖరి క్షణంలో, మైదానంలో అందరికన్న పొట్టిదనదగిన మోర్గన్ విలియం వేసిన బంతి వలలో పడింది. 66-64. గెలుపు తప్ప మరొకటి ఎరుగని అభిమానులు నిశ్చేష్టులయ్యారు. పక్షపాతం లేని ప్రేక్షకులు దేశమంతటా సంతోషించారు. నిత్యం గెలిచేవారు ఒకసారి ఓడితే లోకానికి అదొక వేడుక.

ఆ తరువాత మహిళల జట్టు జాతీయ కిరీటం కోసం చాలా ఏళ్లు వేచి ఉండవలసి వచ్చింది. 2016లో గెలిచిన తరువాత మళ్లీ 2025 వరకు అది దక్కలేదు. ఈ మధ్యకాలంలో చివరి దశకు చేరడం, ఓడడం, మోకాళ్ల గాయాలు ఇవే కథ. జట్టుకు ఆశాజ్యోతి వంటి పేజ్ బ్యూకర్స్ 2022 ఆగస్టులో మోకాటి గాయమై ఒక సంవత్సరమంతా ఆడలేకపోయారు. ఆ ఏడాది పొడవునా ఆమె బల్లమీద కూర్చుని సహచరులను ఉత్సాహపరచడం, ఆమె నడక తిరిగి కుదుటపడడం ప్రేక్షకులు చూస్తూ వచ్చారు. సియాల్డినీ లెక్కప్రకారం ఈ తొమ్మిదేళ్లలో అభిమానులు ‘వాళ్లు’ అనడం అలవాటు చేసుకొని ఉండాలి. చొక్కాలు పెట్టెలో దాచి ఉండాలి. కొందరు అలాగే చేసి ఉంటారు. కాని 1995 నాటి నుంచి ఆట చూస్తున్న వృద్ధులు తమ స్థలాలు వదులుకోలేదు. ఓడిన రోజునా వచ్చారు. ఎవరి మోకాలు ఎలా ఉన్నదో అడిగి తెలుసుకొన్నారు.

2025 ఏప్రిల్ 6న ఫ్లోరిడాలోని టాంపాలో కనెక్టికట్ మహిళలు అంతకుముందు ఏడాది విజేత అయిన సౌత్ కరొలినాను 82-59తో ఓడించారు. అజీ ఫడ్, సారా స్ట్రాంగ్ చెరి 24 పాయింట్లు సాధించారు. స్ట్రాంగ్ అప్పటికి మొదటి సంవత్సరం విద్యార్థిని. ఫడ్ కూడా మోకాటి గాయాల నుంచి కోలుకొని వచ్చినవారే. ఫలితం ఖాయమైన తరువాత, ఆట ముగియకముందే బ్యూకర్స్‌ను మైదానం నుంచి వెనుకకు పిలిచారు. ఆమె వచ్చి 71 ఏళ్ల శిక్షకుడు ఔరియెమ్మాను గట్టిగా కౌగిలించుకొన్నారు. అది ఆ విశ్వవిద్యాలయపు మహిళలకు పన్నెండవ జాతీయ విజయం. పురుషుల ఆరు విజయాలు కలిపితే అప్పటికి మొత్తం పద్దెనిమిది. హార్ట్‌ఫర్డ్ వీధులలో ఊరేగింపు జరిగింది. తల్లిదండ్రుల భుజాలెక్కిన పిల్లలు, చేతికర్రల ఆసరాతో వచ్చిన ముసలివారు ఒకే రంగు దుస్తులలో కనిపించారు.

ఏప్రిల్ 14న, అంటే తుదిపోటీ జరిగిన ఎనిమిది రోజులకే, వృత్తి బాస్కెట్‌బాల్ ఎంపికలో డల్లస్ జట్టు బ్యూకర్స్‌ను అందరికన్న ముందుగా ఎన్నుకొన్నది. ఆమె డల్లస్ చొక్కా తొడుక్కొన్నారు. కనెక్టికట్‌కు సొంతంగా మహిళల వృత్తి జట్టు ఒకటి అప్పటికి ఉన్నది; ఆమె ఇకపై దానికి ప్రత్యర్థి. ఆ జట్టుతో ఆడడానికి ఆమె వచ్చిన రోజున అక్కడి ప్రేక్షకులు ఎవరి పక్షాన చప్పట్లు కొట్టాలి? పుట్టింటికి వచ్చిన ఆడపడుచు అత్తవారి తరఫున మాట్లాడినా పుట్టింటివారికి కోపం రాదు. డల్లస్ గెలిస్తే కనెక్టికట్ అభిమాని ‘మనం గెలిచాం’ అనడు. ‘మన అమ్మాయి బాగా ఆడింది’ అంటాడు.